పద్దెనిమిది గజాల కాపురం

మిల్లు కార్మికులకు యాభై వేల గదులు కట్టిస్తామని 1920లో బొంబాయి ప్రభుత్వం గొప్పగా ప్రకటించింది. గవర్నర్ జార్జ్ లాయిడ్ అందుకోసం బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ అని ప్రత్యేకంగా ఒక శాఖనే పెట్టించాడు. చివరికి లేచినవి వర్లీ, నాయ్‌గావ్, డిలైల్ రోడ్డు, శివ్‌డీల్లో 207 చాళ్లు, అంటే ఒంటిగదుల వరుసలున్న అంతస్తుల భవనాలు. జనం నోట్లో బీడీడీ చాళ్లుగా స్థిరపడ్డాయి. ఒక్కో చాల్‌లో 80 గదులు, ఒక్కో గది 160 చదరపు అడుగులు. మన లెక్కలో పద్దెనిమిది గజాలు కూడా నిండవు. పొయ్యి అందులోనే, గిన్నెలు తోముకుని స్నానాలు కానిచ్చే మోరీ కూడా అందులోనే. మరుగుదొడ్లు మాత్రం అంతస్తు మొత్తానికీ ఉమ్మడి.

ఇదే నయం అనిపించే ఇళ్లు అప్పట్లో ఉండేవి. 1920ల మొదట్లో ఆడకూలీల స్థితిగతులు చూసి రమ్మని ప్రభుత్వం డాక్టర్ బార్న్స్ అనే వైద్యురాలిని పంపింది. ఒక చాల్‌లో పదిహేను అడుగుల పొడవు, పన్నెండు అడుగుల వెడల్పున్న గదిలో ఆమెకు ఆరు పొయ్యిలు కనిపించాయి. పొయ్యికో కుటుంబం. పిల్లాపెద్దా కలిసి ముప్పై మంది. పైకప్పు నుంచి వెదురుబొంగులు వేలాడదీసి, రాత్రయ్యేసరికి వాటి మీద బట్టలు, గోనెపట్టాలు ఆరేసినట్టు పరిచేవారు. అవే గోడలు. ఆ ఆరుగురు ఇల్లాళ్లలో ముగ్గురు నెలలు నిండిన గర్భిణులు.

గదిని పెంచుకునే దారి లేదు కాబట్టి, జనం పొద్దును పంచుకున్నారు. అంబేద్కర్ చదువు సాగింది ఇలాగే. లోయర్ పరేల్‌లోని డబక్ చాల్‌లో వాళ్లది ఒకే గది. కొడుకు చదువుకోవాలంటే ఎవరో ఒకరు మేలుకోవాలి, ఇంకొకరు పడుకోవాలి. తండ్రి రాంజీ పిల్లవాణ్ణి పెందలాడే పడుకోబెట్టి, రాత్రి రెండింటికి లేపి దీపం ముందు కూర్చోబెట్టి, అప్పుడు తాను నడుం వాల్చేవాడు. కుర్రాడి తలాపున తిరగలి, కాళ్ల దగ్గర కట్టేసిన మేక. 1907లో మెట్రిక్ గట్టెక్కింది ఆ గది నుంచే.

ఈ మిల్లుల పేటల్లో తెలుగువాళ్లూ తక్కువేం కాదు. నిజాం రాజ్యం నుంచి వెళ్లిన కామాఠీ కూలీల పేరు మీదే కామాఠీపుర వెలిసింది. తర్వాత తెలంగాణ పద్మశాలీలు మిల్లుల్లో నేతపనికి చేరి వర్లీ, ప్రభాదేవి, పరేల్‌లలో కాపురాలు పెట్టారు. సొంత ఊళ్లో మగ్గం గుంత పక్కనే వంటా పడకా సాగించిన వాళ్లకు ఒంటిగది కొత్తేమీ కాదు. దూలానికి పాత చీరతో ఊయల, గోడవారగా దండెం, మంచం కింద ట్రంకుపెట్టె, పైన అటక. మంచం ఒక్కటే. రాత్రి షిఫ్టు దిగి వచ్చిన తండ్రి దానిమీద వాలేసరికి పిల్లలు బడికి వెళ్లిపోవాలి. సెలవు రోజుల్లో వాళ్ల చోటు వరండా. ఆటలు, హోంవర్కు, తగాదాలు, ఎండాకాలం చాపలేసుకుని నిద్ర, అన్నీ అక్కడే. పసివాణ్ణి పక్కింటావిడ చంకకెత్తుకుంటేనే తల్లికి వంటయ్యేది. ఆ సాయాన్ని చాల్ జీవితపు అందంగా నెమరేసుకునేవాళ్లు చాలామందే. ఉమ్మడి మరుగుదొడ్డి ముందు తెల్లవారుజామున చెంబుతో వరుసలో నిలబడ్డ ఆడపిల్లల్ని అడిగి ఉంటే ఏమనేవారో!

ఇంకో సర్దుబాటు సొంత ఊరు. చాలామంది ఆడవాళ్లు కాన్పుకి పుట్టింటికే పోయేవారు. గది ఇరుకైతే ఒకరిద్దరు పిల్లలు నాయనమ్మ దగ్గర పెరిగేవారు. నగరంలో జాగా చాలని కాపురాన్ని పల్లె మోసేది.

1982 జనవరి 18న కార్మిక నాయకుడు దత్తా సామంత్ పిలుపుతో మొదలైన మిల్లుల సమ్మెలో దాదాపు రెండున్నర లక్షల మంది కార్మికులు పనికి దూరమయ్యారు. ఎన్నో మిల్లులు మళ్లీ తెరుచుకోలేదు. షిఫ్టులు పోయేసరికి మగవాళ్లంతా పగలూ గదిలోనే. అదే మంచం, అదే జాగా, వంతులు మాత్రం లేవు.

2025 ఆగస్టులో వర్లీలో బీడీడీ చాళ్ల పునర్నిర్మాణం తొలి విడతగా 556 ఫ్లాట్ల తాళాలు పాత కుటుంబాలకు అందాయి. ఒక్కోటి 500 చదరపు అడుగులు, రెండు పడకగదులు. మరుగుదొడ్డి ఇంట్లోనే.