అజేలియాకు నీరు: ఒక పేరు చెప్పిన తప్పు

ప్రకాశం జిల్లాలో ఒంగోలునుండి కర్నూలు పోవు దారిలో చీమకుర్తి ఉన్నది. నల్లని రాతిలో బంగారు చుక్కలు మెరయు గ్రానైటు వలన ఈ ఊరికి దేశదేశములలో పేరు వచ్చినది. గనుల చుట్టును మిరప, పొగాకు, కంది పొలములు. సాగర్ కుడికాలువ నీటిని నిలువచేయు రామతీర్థము జలాశయము సమీపముననే కలదు. అయినను రోహిణి కార్తె వచ్చుసరికి ఇక్కడ నీటి విలువ ప్రతి ఇల్లాలికిని తెలియును.

ఇట్టి ఊరికి ఊటీ వంటి చల్లని కొండలనుండి ఎవరైన ఒక అజేలియా కుండీని తెచ్చుకొందురనుకొనుడు. ఆకు కనబడకుండ పూచిన ఎఱ్ఱని పూలను చూచి ముచ్చటపడి, ఉదయము సాయంత్రము బోరునీరు పోయుదురు. కొన్నాళ్ళకు లేతాకులు పసుపుపచ్చనగును, ఈనెలు మాత్రము ఆకుపచ్చగా నిలుచును. పిమ్మట కొమ్మలు వాడును. నీరు చాలలేదని తలచి మరికొంత పోయుదురు. మొక్క చనిపోవును. నీరు లేక చనిపోయినదా, నీటివలననే చనిపోయినదా? ఈ ప్రశ్నకు సమాధానము దొరకుటకు సుమారు రెండువందల యేండ్లు పట్టినది.

చిక్కు పేరుతోనే మొదలైనది. స్వీడను దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయసు ఈ ప్రజాతికి ‘అజేలియా’ అని పేరిడెను. గ్రీకు భాషలో ఆ మాటకు మూలము ‘పొడి’ అని అర్థము. పొడినేలలో పెరుగుననియో, కొయ్య పొడిబారి పెళుసుగా నుండుననియో ఆ పేరు వచ్చినదని చెప్పుదురు. 1753లో ప్రకటించిన గ్రంథములో అతడు ఒక జాతిని ‘అజేలియా ఇండికా’ అనెను. అది ఇండియా మొక్క కాదు, జపాను మొక్క. పొడినేల మొక్కయు కాదు. 1834లో జార్జి డాన్ అజేలియాలను రోడోడెండ్రాన్ ప్రజాతిలో చేర్చెను. శాస్త్రములో పాత పేరు పోయినను తోటలలో నిలిచిపోయినది.

లిన్నేయసు గ్రంథమునకు అరువదియేండ్ల ముందే జపానువారు ఈ మొక్కను బాగుగ ఎరుగుదురు. 1692లో ఇటో ఇహెయి అను తోటమాలి అజేలియా రకములను బొమ్మలతో వర్ణించుచు ‘కిన్షూ మకురా’ అను పుస్తకమును ప్రకటించెను. మనకు మృగశిర, ఆరుద్ర కార్తెలు నడచు దినములలో అక్కడ వానలు ఎడతెగక కురియును. సత్సుకీ అను అజేలియాలు ఇంచుమించు ఆ కాలముననే పూచును. అంత వానలోను వేరు కుళ్ళదు, ఏలయనగా కొండవాలు నేలలో నీరు నిలువదు. కుండీలలో పెంచువారు కనుమా ప్రాంతపు మన్ను వాడుదురు. అది అగ్నిపర్వతము వెదజల్లిన తేలికరాతి పలుకు. నీటిని పీల్చి పట్టుకొనును, మిగిలినదానిని జారవిడుచును, పైగా ఆమ్లగుణము కలది. కారణము తెలియకున్నను చేతికి కిటుకు తెలిసినది.

మొక్క ఎంత నీరు త్రాగునో కొలిచి చూచినవాడు ఇంగ్లండులో టెడింగ్టను గ్రామపు మతాచార్యుడు స్టీఫెన్ హేల్స్. 1724 వేసవిలో మూడున్నర అడుగుల పొద్దుతిరుగుడు మొక్కగల కుండీని పలుచని సీసపు రేకుతో మూసి, ఉదయము సాయంత్రము త్రాసులో తూచెను. పగటి పండ్రెండు గంటలలో అది సగటున 20 ఔన్సుల నీటిని, అనగా సుమారు 570 గ్రాములను, ఆకులద్వారా గాలిలోనికి వదలెను. మిక్కిలి ఎండగా నున్న దినమున 30 ఔన్సులు పోయెను. వెచ్చని పొడి రాత్రి 3 ఔన్సులు తగ్గగా, మంచు కురిసిన రాత్రి ఏమియు తగ్గలేదు. ఈ ఫలితములను 1727లో ప్రకటించెను. మొక్క దాహము గడియారమును బట్టి కాక ఎండను, గాలిని బట్టి మారునని దీనివలన తేలినది.

ఇంకొక గుట్టు వేరులో దాగియున్నది. అజేలియా వేళ్ళు వెండ్రుకలవలె సన్ననివి, నేలపైపొరలోనే అల్లుకొనును. మిరపకున్నట్టి మూలకేశములు వానికి లేవు. ఆ పనికి తోడుగా ఒక శిలీంధ్రము వేరులో కాపురముండును. పైపొర ఒక్క పూట పూర్తిగా ఎండినచో వేళ్ళు దెబ్బతినును. నీరు నిలిచినచో వేరునకు గాలి అందదు. 1922లో సుమాత్రాలో దాల్చినచెక్క చెట్లపై రాండ్స్ గుర్తించిన ఫైటోఫ్తొరా జాతి తెగులు తడినేలలో అజేలియాకును సోకును. వేరు కుళ్ళిన మొక్క తడిలో నిలిచియు వాడును. దానిని చూచి మరల నీరు పోయుటయే పెద్ద పొరపాటు.

మూడవ సంగతి నీటి గుణము. అమెరికా వ్యవసాయశాఖలో పనిచేసిన ఫ్రెడరిక్ కోవిల్, అజేలియాకు చుట్టమైన బ్లూబెర్రీ మొక్క ఆమ్లనేలలోనే వృద్ధిపొందునని 1910లో ప్రకటించెను. అంతవరకు మంచి తోటనేల అన్ని మొక్కలకును మంచిదేయని పలువురి నమ్మకము. సున్నము కలిసిన కఠినజలము పోసినకొలది కుండీమన్ను క్షారగుణము పొందును. అప్పుడు మన్నులో ఇనుమున్నను అది కరగదు, వేరు పీల్చలేదు, పత్రహరితము తయారు కాదు. ఈనెలు పచ్చగా, ఆకు పసుపుగా మారుట ఇందువలననే. ప్రకాశం జిల్లాలో పలుచోట్ల బోరునీరు ఇట్టిదే. అదే నీటితో కాచిన పాత్ర అడుగున తెల్లని గార కట్టుట చూచినవారికి వేరే పరీక్ష అక్కరలేదు.

ఈ మూడు సంగతులను కలిపినచో ఋతువులవారీ పద్ధతి తేలును. పూతకాలమున కుండీ త్వరగా ఎండును, అప్పుడు నీరు ఎక్కువ. వేసవి చివర మరుసటి యేటి మొగ్గలు ఏర్పడును, అప్పుడు ఎండగట్టినచో మొగ్గ రాలును. చలికాలమున అవసరము తగ్గును గాని పూర్తిగా మానరాదు. వానకాలమున కుండీ అడుగు తూటు మూసుకొనకుండ చూడవలెను. పోసినప్పుడు అడుగునుండి కారునంత పోయవలెను, పళ్ళెములో నిలిచినది పారబోయవలెను. డాబాపై పడిన వాననీటిని తొట్టెలో పట్టియుంచుట అన్నింటికంటె మేలు. పోయుటకు ముందు కుండీని చేతితో ఎత్తి బరువు చూచుట హేల్స్ త్రాసునకు ఇంటి రూపము.

ఇంత చేసినను చీమకుర్తి రోహిణి ఎండను అజేలియా తట్టుకొనునని చెప్పలేము. అది చల్లని కొండల మొక్క, వేడెక్కిన కుండీలో దాని వేరు నిలువదు. అయినను దానినుండి నేర్చిన పాఠము వ్యర్థము కాదు. నీరు నిలిచిన రేగడిలో వాడిన మిరపతోటకు మరల తడి పెట్టరాదని రైతు ఎరుగును, పెరటి మల్లె కుండీ దగ్గర మాత్రము ఆ మాట మరచును. వాడిన ఆకు దాహమునకు గుర్తు కావచ్చును, మునిగిన వేరు మొరయు కావచ్చును. ఏదియో తెలియవలెనన్న చెంబు ఎత్తుటకు ముందు మన్నులో వ్రేలు పెట్టి చూడవలెను.