ఎవరు పరాయి?

"గైర్ ముల్కీ గో బ్యాక్" అని 1952లో హైదరాబాదు వీధులు హోరెత్తాయి. పదిహేనేళ్లు ఇక్కడ కాపురమున్నవాడూ ముల్కీయే అన్నది నిజాం కాలపు నిబంధన. ఇక్కడి ఉద్యోగాలు ఇక్కడివాళ్లకే కావాలనడంలో న్యాయం లేదని నేననను. మరి ఇదే నేల విడిచి పొట్ట చేత పట్టుకుని వెళ్లినవాళ్ల మాటేమిటి?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు సీమల చెంతనే కృష్ణమ్మ పారుతున్నా, చేలకు మాత్రం నీళ్లుండేవి కావు. గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు పుచ్చుకుని, చంటిబిడ్డల్ని చంకనేసుకుని ఆలుమగలు బొంబాయికీ, ఆనకట్టల పనులకీ కదిలేవారు. అసలు బొంబాయిలో కామాఠీపురాకు ఆ పేరు వచ్చిందే నిజాం రాజ్యం నుంచి వెళ్లిన కామాటీల వల్ల. ఆ నగరం కట్టడాల్లో వాళ్ల చెమటుంది. అయినా 1966లో పుట్టిన శివసేన దక్షిణాదివాళ్లంతా పరాయివాళ్లేనంది!

రాష్ట్రం దాటిన కూలీలకు సమాన వేతనం, దారి ఖర్చులు ఇవ్వాలని 1979లో చట్టం వచ్చింది. అదెంత అమలైందో 2020 లాక్‌డౌన్‌లో రోడ్లమీద నడిచిన పాదాలే చెప్పాయి.

ఇవాళ మన ఇటుక బట్టీల్లో ఒడిశా ఆడపడుచులు పనిచేస్తున్నారు. బొంబాయిలో మనవాళ్లకు ఏ మర్యాద కోరామో, వాళ్లకు అదివ్వాలా, వద్దా? మీరే చెప్పండమ్మా!