ఎనభై ఎకరాలు అడిగిన పోచంపల్లి

1951 ఏప్రిల్ 18న వినోబా భావే పోచంపల్లికి నడిచి వచ్చేనాటికి అప్పటి మన నల్లగొండ జిల్లా ఇంకా రగులుతూనే ఉంది. తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం ఆగలేదు. శివరాంపల్లి సర్వోదయ సమ్మేళనం ముగించుకుని, తెలంగాణ పల్లెలను కళ్లారా చూడాలని ఆయన కాలినడకన బయలుదేరారు. పోచంపల్లిలో అప్పటికి సుమారు 700 గడపలు. మూడింట రెండు వంతుల ఇళ్లకు సొంత భూమి లేదు.

వినోబా దళితవాడకు వెళ్లి, మీకేం కావాలని అడిగారు. నలభై కుటుంబాల వాళ్లు ఒక్కమాటగా చెప్పారు: ఎనభై ఎకరాలు ఇప్పిస్తే బతుకుతాం, నలభై తరి, నలభై ఖుష్కి. ఇంటికి రెండెకరాలు, ఒకటి వరికి, ఒకటి మెట్టపంటకు. ఆ జవాబు తలచుకున్నప్పుడల్లా నాకు గౌరవం పెరుగుతుంది. దయ చూపమని చేసిన విన్నపం కాదది. పరుల చేలల్లో చెమటోడ్చినవాళ్లు తమ బతుక్కి ఎంత నేల కావాలో కట్టిన లెక్క. సర్కారుకు అర్జీ పెట్టే మాట అలా ఉంచి, ఊళ్లో ఎవరైనా ఇవ్వగలరా అని వినోబా సభలో అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి నూరెకరాలు ఇస్తానన్నారు.

ఆ నూరెకరాల నుంచే భూదానోద్యమం పుట్టింది, దేశమంతా నడిచింది. 40 లక్షల ఎకరాలకు పైగా దానం ప్రకటించారు. అందులో సాగుకు పనికిరాని రాళ్ల నేల ఉంది, తగాదాల నేల ఉంది, పేదల చేతికి చేరనిది చాలానే ఉంది. భూదానం 75 ఏళ్ల పండుగ వేళ ఈ మాట దాచడం మన ఊరికి మర్యాద కాదు.

భూమి లేని ఇళ్లకు అన్నం పెట్టిన మరో ఆధారం మగ్గం. చీరాల వైపు నుంచి వచ్చిన తేలియా రుమాళ్ల పనితనం ఇక్కడి పద్మశాలీల చేతుల్లో చీరగా మారింది. ముందు నూలు, తర్వాత పట్టు. నేయకముందే నూలు మీద బొమ్మ పుట్టాలి. గీత గీసినచోట సైకిల్ ట్యూబు ముక్కలతో బిగించి కట్టి రంగులో ముంచుతారు, విప్పి మళ్లీ కట్టి మరో రంగులో ముంచుతారు. పడుగులో రంగు పేకలో రంగుతో కలవాల్సిన చోట దారమంత తేడా వచ్చినా పువ్వు చెదిరిపోతుంది.

అంతకుముందు ఆసు పోయాలి. అది ఎక్కువగా ఇంటి ఆడవాళ్ల పని. అర్ధచంద్రాకారంలో నాటిన మేకుల చుట్టూ దారం తిప్పుతూ ఒక్క చీరకు తొమ్మిది వేల సార్లు చెయ్యి ఆడించాల్సి వచ్చేది. భుజాలు పడిపోయేవి. ఆలేరు దగ్గర శారాజీపేటలో తల్లి లక్ష్మి పడే ఈ బాధ చూడలేకే చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం తయారుచేసి, దానికి ఆమె పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఇలా కట్టి రంగులద్ది నేసే పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు దక్కింది. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ మన ఊరిని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంచింది. వచ్చినవాళ్లు వినోబా మందిరం చూస్తారు, చీర కొనుక్కుంటారు, దాత పేరు తెలుసుకుంటారు. ఆ రోజు నోరు తెరిచి అడిగిన నలభై కుటుంబాల పేర్లు కూడా వాళ్లకు కనబడాలి. వాళ్ల మనవలు, మునిమనవలు చెప్పగలిగినన్ని రోజుల్లోనే, ఇంటింటికీ తిరిగి ఆ పేర్లు రాసుకుని మందిరంలో చెక్కించే పనిని ఈ 75 ఏళ్ల పండుగ ఉత్సవ సంఘం చేపట్టాలని కోరుతున్నాను.