మారిషస్: భోజనం, ప్రయాణం, కట్టడం – చరిత్రకు మూడు ఆధారాలు

1. పరిచయం

మారిషస్ హిందూ మహాసముద్రంలో మడగాస్కర్‌కు తూర్పున ఉన్న చిన్న దీవి. 1638లో డచ్చివారు ఇక్కడ స్థావరం ఏర్పరచుకుని 1710లో విడిచి వెళ్లారు. 1715లో ఫ్రెంచివారు, 1810లో బ్రిటిష్‌వారు దీనిని స్వాధీనం చేసుకున్నారు. 1968లో దేశం స్వతంత్రమైంది. పాలకుల చరిత్రను ఇలా నాలుగు వాక్యాలలో చెప్పవచ్చు. కానీ చెరకు తోటల్లో పనిచేసిన వారి చరిత్ర ఈ తేదీలలో కనిపించదు. వారిలో చాలామందికి చదువు లేదు. తమ కథను వారు రాసి పెట్టలేదు. అందువల్ల నేటి యాత్రికుడు అక్కడ తినే తిండిని, తిరిగే దారిని, చూసే కట్టడాన్ని చారిత్రక ఆధారాలుగా ఎలా చదవవచ్చో ఈ పాఠంలో తెలుసుకుందాం.

2. నేపథ్యం

బ్రిటిష్ ప్రభుత్వం 1835 ఫిబ్రవరి 1న మారిషస్‌లో బానిసత్వాన్ని రద్దు చేసింది. నష్టపరిహారం యజమానులకు దక్కింది. బానిసలకు ఏమీ దక్కలేదు. తోటలకు కొత్త కూలీలు కావలసి వచ్చారు. 1834 నవంబర్ 2న ‘అట్లాస్’ అనే ఓడలో 36 మంది భారతీయ కూలీలు పోర్ట్ లూయీ రేవులో దిగారు. 1920 నాటికి వచ్చినవారి సంఖ్య సుమారు 4.5 లక్షలు దాటింది. సాధారణంగా ఒప్పందం ఐదేళ్లు, జీతం నెలకు ఐదు రూపాయలు. ఒకరోజు పనికి రాకపోతే రెండు రోజుల జీతం కోత కోసేవారు. దీనినే ‘డబుల్ కట్’ అన్నారు.

3. భోజనం చెప్పే చరిత్ర

పోర్ట్ లూయీ వీధుల్లో ఎక్కువగా అమ్ముడయ్యే చిరుతిండి ‘దాల్ పూరీ’. పేరులో పూరీ ఉన్నా దీనిని నూనెలో వేయించరు. ఉడికించి పొడి చేసిన పప్పును పిండిలో పెట్టి, పలుచగా వత్తి, పెనం మీద కాలుస్తారు. బెల్లం లేని మన బొబ్బట్టును ఊహించుకుంటే చాలు. రెండేసి చొప్పున, చిక్కుడు గింజల కూర, టమాటాతో చేసే ‘రుగాయ్’, పచ్చడి వేసి చుట్టి ఇస్తారు. పప్పు రొట్టె బిహార్, భోజ్‌పురి ప్రాంతాలది. రుగాయ్ క్రియోల్ వంటకం. పక్క బండి మీద చైనీయుల నూడుల్స్ ఉంటాయి. కూలీలకు ఇచ్చే రేషన్‌లో బియ్యం, పప్పు, నెయ్యి, ఉప్పు ప్రధానం. అయితే వంటకం ఒక్కటే తేదీని నిరూపించదని విద్యార్థులు గుర్తుంచుకోవాలి. ఎవరు ఎవరి పక్కన జీవించారో మాత్రం అది చూపుతుంది.

4. ప్రయాణం చెప్పే చరిత్ర

ఇప్పుడు బస్సు ఎక్కితే దీవి ఈ కొసనుంచి ఆ కొసకు కొద్ది గంటల్లో చేరవచ్చు. రాజధాని నుంచి క్యూర్‌పీప్‌కు మెట్రో కూడా ఉంది. దానికి ముందు 1864లో మొదలైన రైలుమార్గం ఉండేది. 1956లో ప్రయాణికుల రైళ్లు ఆగిపోయాయి. చెరకును, చక్కెరను రేవుకు చేర్చడం ఆ రైలు ముఖ్యమైన పనుల్లో ఒకటి.

చక్కెర కదిలినంత స్వేచ్ఛగా దానిని పండించిన మనిషి కదలలేకపోయాడు. 1867 చట్టం ప్రకారం ఒప్పందం ముగిసిన ‘పాత వలసదారు’ కూడా ఫొటో అతికించిన టికెట్టు, పోలీసు పాసు వెంట ఉంచుకోవాలి. అవి లేకుండా దొరికితే దేశదిమ్మరి అనే నేరం కింద అరెస్టు చేసేవారు. 1871లో 9,401 మంది పాత వలసదారులు అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే వ్యక్తి సహాయంతో గవర్నరుకు అర్జీ పెట్టుకున్నారు. ఫలితంగా 1872లో రాయల్ కమిషన్ నియమితమైంది. నోరులేనివారని అనుకున్నవారు సమష్టిగా మాట్లాడిన సందర్భం ఇది.

5. కట్టడం చెప్పే చరిత్ర

ఓడ దిగిన కూలీలను మొదట ఉంచిన చోటు పోర్ట్ లూయీలోని ఇమిగ్రేషన్ డిపో. దీని నిర్మాణం 1849లో మొదలైంది. ఒకప్పుడు ‘కూలీ ఘాట్’ అన్న ఈ ప్రదేశం నేడు ‘ఆప్రవాసీ ఘాట్’. రేవు నుంచి పైకి వెళ్లే రాతిమెట్లు, ఆసుపత్రి గదులు, కూలీల షెడ్ల ఆనవాళ్లు మిగిలాయి. చాలా భాగం తరువాతి నిర్మాణాలలో పోయింది. 2006లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. పారిపోయిన బానిసలు తలదాచుకున్న ల మోర్న్ కొండకు 2008లో అదే గుర్తింపు లభించింది. ఈ రెండింటినీ కలిపి చూడాలి. ఒకటి చూసి రెండోది విడిచిపెడితే చరిత్ర సగమే అవుతుంది.

6. తెలుగువారి జాడ

మారిషస్‌లో తెలుగువారిని ‘కొరింగీలు’ అన్నారు. గోదావరి ముఖద్వారం దగ్గరి కోరంగి రేవు పేరే దీనికి మూలం. అక్కడి తెలుగు కుటుంబాలు నేటికీ సింహాద్రి అప్పన్నను కొలుస్తాయి. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవుదినం. రేవు పేరు, దేవుడి పేరు రెండూ ఉత్తర కోస్తా వైపే వేలు చూపుతున్నాయి. మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో భద్రపరచిన వలస రిజిస్టర్లలో కూలీ పేరు, తండ్రి పేరు, ఊరు, జిల్లా వంటి వివరాలు నమోదయ్యాయి. మనుషులపై నిఘా కోసం రాసిన ఆ పుస్తకాలలోనే నేడు మునిమనవలు తమ పూర్వికుల ఊరిని వెతుక్కుంటున్నారు. ఆధారాన్ని ఎవరు, ఎందుకు తయారు చేశారని అడగడం చరిత్ర విద్యార్థి మొదటి పని. దానిని మరెవరికి ఉపయోగపడేలా చదవవచ్చన్నది రెండో పని.

7. మీ ప్రగతిని పరీక్షించుకోండి

(అ) 1867 చట్టం పాత వలసదారుల కదలికలను ఎలా నియంత్రించింది?
(ఆ) ఆప్రవాసీ ఘాట్, ల మోర్న్ ప్రదేశాలను కలిపి అధ్యయనం చేయవలసిన అవసరం ఏమిటి?
(ఇ) మీ ఊరి వంటకం, పాత దారి, పాత కట్టడం – వీటిలో ఒకదానిని ఆధారంగా తీసుకుని, అది ఏమి నిరూపిస్తుందో, ఏమి నిరూపించలేదో ఒక పేజీలో రాయండి.