మొదటి అధ్యాయం గాలి

మే 12, నర్సుల దినోత్సవం వస్తే నర్సింగ్ స్కూళ్లలో దీపాలు వెలిగిస్తారు. హాల్లో లైట్లు ఆర్పేసి, తెల్ల యూనిఫాం పిల్లలు వరసగా నిలబడి నైటింగేల్ ప్రతిజ్ఞ చదువుతారు. చూడముచ్చటగానే ఉంటుంది. కానీ ఏళ్ల తరబడి ఫండమెంటల్స్ పాఠం చెప్పినదాన్ని, నోరు ఊరుకోదు. ఆ ప్రతిజ్ఞ ఫ్లారెన్స్ నైటింగేల్ రాసింది కాదు. 1893లో అమెరికాలోని డెట్రాయిట్‌లో లిస్ట్రా గ్రెటర్ ఆధ్వర్యంలో ఒక కమిటీ రాసింది. ఆ ప్రమిద ఆకారం దీపమూ ఆమెది కాదు. స్కుటారీ వార్డుల్లో ఆమె పట్టుకు తిరిగింది మడతలుపడే టర్కీ లాంతరు. ఆమె పేరు చెప్పి నేను క్లాసులో మొదలుపెట్టేది మురుగు కాలువతో.

క్రిమియా యుద్ధంలో గాయపడ్డ బ్రిటిష్ సైనికుల్ని ఇస్తాంబుల్‌కి ఎదురొడ్డున ఉన్న స్కుటారీ బారక్ ఆసుపత్రికి చేర్చేవారు. 1854 నవంబరులో 38 మంది నర్సులతో ఆమె అక్కడ దిగింది. వంటశాల పెట్టించింది, దుప్పట్లు, చొక్కాలు తెప్పించింది, చాకిరేవు నడిపించింది. అయినా ఆ చలికాలమంతా సైనికులు చనిపోతూనే ఉన్నారు. గాయాలతో పోయినవాళ్లు తక్కువ. విరేచనాలతో, జ్వరాలతో పోయినవాళ్లే ఎక్కువ. 1855 ఫిబ్రవరిలో మరణాల రేటు నూటికి 42 దాటింది. ఆమె సేవలో లోపమేమీ లేదు. లోపం కాళ్ల కిందే ఉంది. భవనం అడుగున మురుగు తూములు పూడిపోయి ఉన్నాయి.

మార్చిలో లండన్ నుంచి శానిటరీ కమిషన్ వచ్చింది. డాక్టర్ జాన్ సదర్లాండ్, ఇంజనీరు రాబర్ట్ రాలిన్‌సన్ అందులో ముఖ్యులు. తూములు కడిగించారు, చెత్త ఎత్తించారు, గోడలకు సున్నం వేయించారు, గాలి ఆడేలా చేశారు. ఆసుపత్రికి నీళ్లొచ్చే దారిలో చచ్చిన గుర్రం ఒకటి బయటపడింది! జూన్ నాటికి మరణాల రేటు నూటికి రెండు దగ్గరికి దిగింది.

నా దృష్టిలో నర్సింగ్ సిద్ధాంతం పుట్టింది ఇంకా తర్వాత, ఆమె లండన్ తిరిగొచ్చి గణాంకవేత్త విలియం ఫార్‌తో కలిసి చావుల లెక్కలు ముందేసుకున్నప్పుడు. యుద్ధం లేని రోజుల్లో, సొంత దేశపు బారకుల్లో ఉన్న సైనికులు కూడా అదే వయసు పౌరులకంటే రెట్టింపు సంఖ్యలో పోతున్నారని ఆ లెక్కలు చెప్పాయి. 1858లో అచ్చయిన ఆమె రంగుల పటాలు ఇవాళ్టికీ స్టాటిస్టిక్స్ పుస్తకాల్లో కనిపిస్తాయి. 1860 మొదట్లో ‘నోట్స్ ఆన్ నర్సింగ్’ బయటికొచ్చింది. మొదటి అధ్యాయం మందుల గురించి కాదు, కట్ల గురించీ కాదు. గాలి, వెచ్చదనం. రెండోది ఇల్లు. ఆ తర్వాత చప్పుడు, తిండి, పక్క, వెలుతురు, శుభ్రత. నయం చేసేది ప్రకృతి, దాని పనికి అడ్డం లేకుండా రోగిని ఉంచడమే నర్సు పని అని ఆమె వాదం. చెడ్డ గాలే జబ్బుకి కారణమని ఆమె నమ్మకం, జబ్బులు తెచ్చేది సూక్ష్మక్రిములని ఇంకా రుజువు కాలేదు. కారణం తప్పింది, కిటికీ మాత్రం సరైనదే తెరిచింది.

ఆ పుస్తకంలో మా పిల్లలు పడీపడీ నవ్వే అధ్యాయం, పరామర్శకొచ్చేవాళ్ల ఉచిత సలహాల గురించినది. “ఏం ఫర్వాలేదొదినా, మా మరిదికీ ఇలాగే వచ్చింది, వారంలో లేచి తిరిగాడు” అనేవాళ్లు విక్టోరియా కాలపు ఇంగ్లాండులోనూ ఉన్నారన్నమాట.

ఆమె మన దేశంలో అడుగు పెట్టలేదు. అయినా 1859లో వేసిన రాయల్ కమిషన్ కోసం ఇక్కడి సైనిక స్థావరాలకు ప్రశ్నల ఫారాలు పంపించి, నీళ్లు, మురుగు, బారకుల వివరాలు రాబట్టింది. బ్రిటిష్ సైనికులు ఏటా వెయ్యికి 69 మంది చనిపోతున్నారని 1863 నివేదిక తేల్చింది. పోనుపోను ఆమె చూపు సైనికుల మీంచి రైతుల మీదికి మళ్లింది. కరువుకి కాలువలే మందన్న ఆర్థర్ కాటన్‌తో ఉత్తరాలు నడిపింది, ఆయన పక్షాన రాసింది. ఆయన కట్టిన ధవళేశ్వరం ఆనకట్ట నీళ్లు తాగి పెరిగినదాన్ని, సిలబస్‌లో లేకపోయినా ఈ ముక్క చెప్పకుండా ఏ బ్యాచ్‌నీ వదల్లేదు.

తర్వాతి సిద్ధాంతకర్తలు గది నుంచి మనిషి వైపు తిరిగారు. నర్సుకీ రోగికీ మధ్య సంబంధమే చికిత్స అన్న హిల్డెగార్డ్ పెప్లౌ పుస్తకం 1948కే పూర్తయింది. డాక్టరు పేరు తోడు లేకుండా నర్సు ఒక్కతే అలాంటి పుస్తకం ఎలా వేస్తుందన్న పట్టింపుతో 1952 దాకా ఆగింది. ఒంట్లో శక్తో, మనసో, తెలివిడో ఉంటే రోగి తనంతట తాను చేసుకునే పనులే నర్సు చేసిపెడుతుందన్నది వర్జీనియా హెండర్సన్. అవి 14 అని లెక్కగట్టింది కూడా: ఊపిరి, తిండి, విసర్జన, కదలిక, నిద్ర... పూజ, పని, ఆట వరకు. పిల్లలు వైవా కోసం దీన్ని ఎక్కాల్లా వల్లిస్తారు.

మన సర్కారు వార్డులో ఆ పద్నాలుగింటిలో నర్సు చేతుల మీదుగా జరిగేవి ఎన్ని? ఒళ్లు తుడిచేది భార్య. గంజి తాగించేది తల్లి. బెడ్‌పాన్ పెట్టేది కోడలు, రాత్రి మంచం కింద చాపేసుకుని పడుకునేదీ ఆమే. డజన్ల మంచాలకు ఒకే సిస్టరు ఉన్న డ్యూటీలో మరోలా కుదరదు కూడా. వాళ్లని మనం ‘అటెండెంట్లు’ అని, రౌండ్స్ వేళ బయటికి తోలేస్తాం. నైటింగేల్ తన ముందుమాటలో, ఈ పుస్తకం నర్సులకు పాఠం చెప్పడానికి కాదు, ఇళ్లలో మరొకరి ఆరోగ్యం చూసుకునే ఆడవాళ్ల కోసం అని స్పష్టంగా చెప్పింది. మా లైబ్రరీ కాపీలో ఎక్కువమంది తిప్పేసే పేజీ అదే.

అందుకే మా పిల్లల కేర్ ప్లాన్‌లో ఒక గడి అదనంగా గీయించేదాన్ని: ఈ పని ఎవరు చేస్తున్నారు, వాళ్లకి ఎవరు నేర్పారు? రెండు గంటలకోసారి పక్కకి తిప్పడం, నడుం దగ్గర చర్మం ఎర్రబడిందేమో చూడడం, తాగిన నీళ్లకి గ్లాసులతో లెక్క పెట్టుకోవడం – చేసి చూపించి, వాళ్లచేత చేయించాకే సంతకం. పరీక్షలకొచ్చిన ఎగ్జామినర్లు కొందరు ఆ గడిని ఎర్రసిరాతో కొట్టేశారు, ప్రింటెడ్ ఫారంలో లేదని. పిల్లలు పెన్సిల్‌తో గీయడం మొదలుపెట్టారు.