స్పెయిన్ అంతర్యుద్ధం: పక్షాలు, సేనలు

1936 జూలై 17 నుంచి 1939 ఏప్రిల్ 1 వరకు స్పెయిన్ రిపబ్లిక్ ప్రభుత్వానికీ, దానిపై తిరగబడిన సైన్యాధికారులకూ మధ్య సాగిన యుద్ధం. ప్రభుత్వం వైపు నిలిచినవారు రిపబ్లికన్లు, తిరుగుబాటు వర్గం జాతీయవాదులు. పేర్లు రెండే అయినా, ఒక్కో పేరు కింద ఒకరికొకరు పొసగని పార్టీలు, సంఘాలు, సొంత సాయుధ దళాలు అరడజనుకు తక్కువ లేవు. యుద్ధంలో చనిపోయినవారు, ఉరితీతలకూ కాల్చివేతలకూ బలైనవారు కలిపి సుమారు 5 లక్షల మంది అని సాధారణంగా చెబుతారు.

పూర్వరంగం

రాజు 13వ అల్ఫాన్సో దేశం విడిచిపోవడంతో 1931 ఏప్రిల్ 14న రెండో రిపబ్లిక్ ఏర్పడింది. భూసంస్కరణ, చర్చి నడిపే బడులపై ఆంక్షలు, అవసరానికి మించి ఉన్న సైన్యాధికారుల తగ్గింపు, కాటలోనియాకు స్వయంపాలన – కొత్త ప్రభుత్వం తలకెత్తుకున్న పనుల్లో శత్రువును తెచ్చిపెట్టనిది ఒక్కటీ లేదు. 1936 ఫిబ్రవరి ఎన్నికల్లో వామపక్షాల కూటమి ‘పాపులర్ ఫ్రంట్’ గెలిచింది. జనరల్ మోలా పాంప్లోనాలో కూర్చుని కుట్రకు పథకం అల్లసాగాడు. జూలై 12న వామపక్ష పోలీసు అధికారి హోసే కాస్తియోను మితవాదులు చంపారు. కొన్ని గంటలకే పోలీసులు మితవాద నేత కాల్వో సొతేలోను ఇంటి నుంచి తీసుకుపోయి కాల్చేశారు. కుట్ర అప్పటికే సిద్ధంగా ఉంది. ఊగిసలాడుతున్నవారిని కూడగట్టడానికి ఈ హత్య అక్కరకొచ్చింది.

చీలిన సైన్యం

జూలై 17న మొరాకో తీరంలోని మెలియాలో మొదలైన తిరుగుబాటు మర్నాటికి స్పెయిన్ గడ్డకు పాకింది. సెవియాను జనరల్ కేపో దె యానో చేజిక్కించుకున్నాడు. మాడ్రిడ్, బార్సిలోనాల్లో మాత్రం కార్మికులు, ప్రభుత్వానికి కట్టుబడ్డ పోలీసులు తిరుగుబాటును అణచేశారు. ప్రధాని హిరాల్ కార్మిక సంఘాలకు ఆయుధాలు పంచాడు. దాంతో రిపబ్లిక్ నిలబడింది గానీ, వీధుల్లో అధికారం ప్రభుత్వం చేజారి తుపాకి పట్టిన సంఘాలకు దక్కింది.

నౌకాదళంలో నావికులు తమ అధికారుల మీదే తిరగబడి ఓడల్లో అత్యధిక భాగాన్ని రిపబ్లిక్ వైపు ఉంచారు. అందువల్ల స్పెయిన్‌లో యుద్ధానుభవం బాగా ఉన్న ఒకే ఒక సేన, అంటే ఫారిన్ లీజియన్, మొరాకో సిపాయిల ‘రెగులారెస్’ దళాలతో కూడిన ఆఫ్రికా సైన్యం, జలసంధికి అవతలే చిక్కుకుపోయింది. దాన్ని ఇవతలి ఒడ్డుకు చేర్చినవి హిట్లర్, ముస్సోలినీ పంపిన విమానాలు. అవి రాకుంటే తిరుగుబాటు ఆ ఎండాకాలంలోనే చల్లారేదేమో.

జాతీయవాదులు

వీరిలో పాత రాజును కోరేవారు ఒకరు, ఆ వంశాన్నే ఒప్పుకోని కార్లిస్టులు ఇంకొకరు. నవార్ర పల్లెల నుంచి ఎర్రటోపీలతో వచ్చిన కార్లిస్టుల స్వచ్ఛంద సైనికులను ‘రెకెతే’లు అనేవారు. హోసే ఆంతోనియో ప్రీమో దె రివేరా 1933లో స్థాపించిన ఫాసిస్టు పార్టీ ఫలాంజ్‌ది నీలిచొక్కా. ఎన్నికల్లో ఓట్లు కూడా సరిగా రాని ఈ పార్టీలోకి యుద్ధం మొదలయ్యాక జనం వెల్లువెత్తారు. ఇక కాథలిక్ చర్చి పెద్దల్లో ఎక్కువ మంది ఆశీస్సులు, భూస్వాముల డబ్బు ఉండనే ఉన్నాయి.

వీరంతా ఒక్క జెండా కిందికి రావడంలో అదృష్టానిదీ కొంత పాత్ర ఉంది. తిరుగుబాటుకు నాయకుడనుకున్న సన్హుర్హో జూలై 20న విమాన ప్రమాదంలో పోయాడు. ఫలాంజ్ స్థాపకుణ్ణి నవంబరు 20న అలికాంతే జైలులో రిపబ్లికన్లు కాల్చి చంపారు. మోలా 1937 జూన్‌లో మరో విమాన ప్రమాదానికి బలయ్యాడు. ఆఫ్రికా సైన్యాన్ని నడిపిన జనరల్ ఫ్రాంకో 1936 అక్టోబరు 1నే సర్వసైన్యాధిపతిగా, దేశాధినేతగా పీఠమెక్కాడు. 1937 ఏప్రిల్‌లో ఒక్క ఫర్మానాతో ఫలాంజ్‌నూ కార్లిస్టులనూ కలిపేసి ఒకే పార్టీ చేశాడు. కొత్త ఏలుబడిలో నీలిచొక్కా మీద ఎర్రటోపీ పెట్టుకోవాలి. రెండు వర్గాల్లోనూ ముఖం చిట్లించినవారు చాలామందే. ఎదురుచెప్పిన ఫలాంజ్ నేత ఎదియా జైలుపాలయ్యాడు.

రిపబ్లికన్లు

అధ్యక్షుడు అసాన్యా వంటి మధ్యతరగతి ఉదారవాదులు, సోషలిస్టులు, వారి కార్మిక సంఘం యూజీటీ, కమ్యూనిస్టులు, అరాచకవాదుల మహాసంఘం సీఎన్‌టీ, స్టాలిన్‌ను ధిక్కరించిన చిన్న మార్క్సిస్టు పార్టీ పూమ్, కాటలాన్ జాతీయవాదులు, వీరందరి పక్కన కాథలిక్ నిష్ఠ గల బాస్క్ జాతీయవాదులు – ఇదీ కూటమి. చర్చిలు తగలబెట్టిన జనమూ, రోజూ ప్రార్థనకు వెళ్లే బాస్క్ సైనికుడూ ఒకే పక్షం!

మొదటి నెలల్లో పోరాడినవి సంఘాల దళాలే. అరాచకవాది దురుతి దళం అరగాన్ రణరంగానికి కదిలింది; అక్కడి పల్లెల్లో భూములను ఉమ్మడి చేశారు. కమ్యూనిస్టుల ‘ఐదో రెజిమెంట్’ పద్ధతి వేరు: క్రమశిక్షణ, కవాతు, రాజకీయ కమిసార్లు. లిస్తెర్ వంటి సేనానులు అందులోంచే వచ్చారు. అక్టోబరు నుంచి ప్రభుత్వం ఈ దళాలను ‘మిశ్రమ బ్రిగేడ్లు’గా మలచి, క్రమబద్ధమైన ప్రజాసైన్యం కట్టసాగింది. ఏ ప్రభుత్వమూ ఉండరాదన్న అరాచకవాదులే నవంబరులో నలుగురు మంత్రులను పంపారు. వారిలో ఆరోగ్య మంత్రి ఫెదెరికా మోంత్సేనీ స్త్రీ.

అసలు తగవు ఒకటే. ముందు యుద్ధం గెలిచి విప్లవం సంగతి తర్వాత చూద్దామన్నది కమ్యూనిస్టుల మాట. విప్లవం లేకుంటే కూలీ ఎందుకు పోరాడతాడన్నది సీఎన్‌టీ, పూమ్‌ల మాట. 1937 మే 3న బార్సిలోనా టెలిఫోన్ ఎక్స్ఛేంజి భవనాన్ని పోలీసులు స్వాధీనం చేసుకోబోగా వీధిపోరు రాజుకుంది, వందల మంది చనిపోయారు. ఆ తర్వాత పూమ్‌ను నిషేధించారు. దాని నేత ఆంద్రెయు నిన్‌ను సోవియట్ గూఢచారులు ఎత్తుకుపోయి చంపారు. ఆ పార్టీ దళంలో పోరాడిన ఆంగ్ల రచయిత జార్జ్ ఆర్వెల్ గొంతులో తూటా గాయంతో, ఆపై అరెస్టు తప్పించుకుని స్పెయిన్ దాటాడు.

బయటి సేనలు

జర్మనీ పంపిన కాండోర్ లీజియన్ 1937 ఏప్రిల్ 26న, సంతరోజున, బాస్క్ పట్టణం గెర్నికాను బాంబులతో బూడిద చేసింది. ఇటలీ నుంచి 70 వేలకు పైగా సైనికులు వచ్చారు. గ్వాదలహారాలో ఆ ఇటాలియన్లను ఎదిరించినవారిలో ఫాసిజం నుంచి పారిపోయి వచ్చిన ఇటాలియన్లూ ఉన్నారు. రిపబ్లిక్‌కు సోవియట్ యూనియన్ ట్యాంకులు, విమానాలు అమ్మింది. బదులుగా స్పెయిన్ బంగారంలో సుమారు 510 టన్నులు మాస్కోకు చేరాయి. సుమారు 35 వేల మంది స్వచ్ఛంద సైనికులు అంతర్జాతీయ బ్రిగేడ్లలో చేరారు. బ్రిటన్, ఫ్రాన్స్ ‘జోక్యం వద్దు’ అంటూ ఒప్పందం పెట్టుకుని రిపబ్లిక్‌కు ఆయుధాల దారి మూశాయి. అంతర్గత కలహాలే రిపబ్లిక్‌ను ముంచాయని అనేవారు ఈ మూసిన దారిని తేలిగ్గా తీసుకుంటారు.

1938 జూన్‌లో జవహర్‌లాల్ నెహ్రూ వి.కె.కృష్ణ మేనన్‌తో కలిసి బాంబుల మధ్యే బార్సిలోనా వెళ్లి లిస్తెర్‌ను కలిశాడు. మన పత్రికలు లోపలి ద్రోహులను ‘పంచమాంగ దళం’ అంటాయి. ఆ మాట మూలమూ ఈ యుద్ధమే. మాడ్రిడ్ మీదికి నాలుగు దండులు వస్తుంటే అయిదోది నగరంలోనే ఉందని మోలా అన్నట్టు చెబుతారు.

ముగింపు

1938 ఏప్రిల్‌లో ఫ్రాంకో సేనలు మధ్యధరా తీరం చేరి రిపబ్లిక్ భూభాగాన్ని రెండుగా చీల్చాయి. జూలై నుంచి నవంబరు దాకా సాగిన ఎబ్రో నది పోరులో ప్రజాసైన్యం అరిగిపోయింది. 1939 జనవరి 26న బార్సిలోనా పడింది, లక్షల మంది ఫ్రాన్స్ సరిహద్దు దాటారు. మార్చి 5న మాడ్రిడ్‌లో కర్నల్ కసాదో, సోషలిస్టు బెస్తేయిరో, అరాచకవాద సేనాని మేరా కలిసి ప్రధాని నెగ్రీన్ మీదే తిరుగుబాటు చేశారు. రిపబ్లిక్ సైనికులు తమలో తామే కాల్చుకున్నారు. 28న జాతీయవాదులు మాడ్రిడ్‌లో ప్రవేశించారు.

ఫ్రాంకో కలిపిన ఆ పార్టీ అతను చనిపోయాక 1977 ఏప్రిల్‌లో రద్దయింది. అదే నెలలో కమ్యూనిస్టు పార్టీపై నిషేధం తొలగింది.