డేటా అబ్‌స్ట్రాక్షన్: నెల్లూరు సీమ పీజీ చదువుల్లో

సమాచారాన్ని కంప్యూటర్ లోపల ఎలా నిలవ చేశారో మరుగున ఉంచి, దానితో చేయగల పనులను మాత్రమే బయటికి చూపడం డేటా అబ్‌స్ట్రాక్షన్. నెల్లూరులో వడ్ల బేరం పుట్టి లెక్కన సాగుతుంది. ఇక్కడ పుట్టి అంటే 850 కిలోలు, మరోచోట ఆ తూకం వేరు. ధాన్యం లెక్కల ప్రోగ్రాంలో 850ని పదిచోట్ల రాస్తే, దాన్ని ఇంకో జిల్లాలో వాడేనాడు పదిచోట్లా దిద్దాలి. ఒక్కచోట మరిచినా రైతుకు రావలసిన సొమ్ము తప్పుతుంది. 'పుట్టి' అనే రకాన్ని నిర్వచించి ఆ అంకెను అందులోనే ఉంచితే దిద్దుబాటు ఒక్కచోటే.

ఈ ఆలోచనకు బీజం నార్వేలో డాల్, న్యూగార్డ్ రూపొందించిన సిమ్యులా 67 భాషలో ఉంది. 1972లో డేవిడ్ పార్నాస్ సమాచారాన్ని మరుగున ఉంచే (ఇన్ఫర్మేషన్ హైడింగ్) సూత్రాన్ని వివరించారు. 1974లో బార్బరా లిస్కోవ్, స్టీఫెన్ జిల్స్ అమూర్త దత్త రకాలను (అబ్‌స్ట్రాక్ట్ డేటా టైప్స్) ప్రతిపాదించారు. ఇక ఈ ఆలోచనను బోధించే చోటికి వస్తే, నెల్లూరు సీమకు పీజీ చదువులు మొదట తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం నీడన అందాయి. నెల్లూరులోనే విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం 2008లో ఏర్పడింది. ఆ చదువుల్లో కంప్యూటర్ కోర్సైన ఎంసీఏ బోధన రాష్ట్రంలో చాలాకాలం సీ భాషతో మొదలై, డేటా స్ట్రక్చర్ల మీదుగా జావాకు చేరేది. అబ్‌స్ట్రాక్షన్ వంతు చివరికి వచ్చేది. ఈ వరుస తిరగబడాలి. ప్రవేశ పరీక్ష ఐసెట్ రాసి వచ్చే బీకాం విద్యార్థికి అబ్‌స్ట్రాక్షన్‌ను మొదటే నేర్పడం బరువు అన్న అభ్యంతరం ఉంది. కానీ ఎంఐటీలో ఏబెల్సన్, సస్‌మన్ తమ ప్రవేశ కోర్సులోనే దీన్ని బోధించారు. 1985లో వచ్చిన వారి పుస్తకంలో ఇది రెండో అధ్యాయం. పైగా ఖాతాపుస్తకం తెలిసిన బీకాం విద్యార్థికి జమ, ఖర్చు, నిల్వ అన్న పనులు మెమరీ చిరునామాలను పట్టుకునే పాయింటర్ల కన్నా దగ్గరి చుట్టాలు.

లోపలి సంగతి దాస్తే యంత్రం గురించి తెలియకుండా పోతుందన్నది ఇంతకన్నా గట్టి అభ్యంతరం. 1971 నుంచి రాకెట్లు ఎగురుతున్న శ్రీహరికోట పక్కన చదువుకునేవారు దీన్ని తేలిగ్గా తీసుకోలేరు. 1996 జూన్ 4న ఐరోపావారి ఏరియాన్ 5 రాకెట్ ఎగిరిన సుమారు 40 సెకన్లలో నాశనమైంది: 64 బిట్ల సంఖ్యను 16 బిట్లలో ఇమడ్చబోతే పట్టలేదు. అయితే ఆ ప్రోగ్రాం భాగం పాత రాకెట్ ఏరియాన్ 4 నుంచి తెచ్చుకున్నది. ఎంత విలువ వరకు పనిచేస్తుందన్న హద్దు దానితోపాటు స్పష్టంగా రాలేదు. కనుక లోపలిది దాచేవారు హద్దులను బయటపెట్టి తీరాలి. దీన్ని నేర్పడానికి అదనపు సమయం లేదు: 2020-21 నుంచి ఎంసీఏ మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గింది. ఉన్న సమయంలోనే ఒకే ధాన్యం ఖాతాను మొదట అరే అనే నిల్వ పద్ధతితో, తర్వాత లింక్డ్ లిస్టు అనే మరో పద్ధతితో రాయించి, పైనున్న జమ, ఖర్చు, నిల్వ పిలుపులను ఒక్క అక్షరం మార్చనివ్వకపోతే, విద్యార్థి మెమరీనీ నేర్చుకుంటాడు, దాన్ని ఎందుకు దాస్తారో కూడా చూస్తాడు.